సూరమ్మ గాజు గదికి ఎన్ని టన్నులు?

2023 ఏప్రిల్ మూడో వారం. శ్రీకాకుళంలో ఒక ఏసీ డీలరు దగ్గర సైట్ ఇంజనీరుగా చేరి నాకు అప్పటికి మూడేళ్లు. విజయనగరంలో పాలిటెక్నిక్ చదివి, ఆ తర్వాత రిఫ్రిజిరేషన్‌లో ఒక కోర్సు చేశాను. ఉద్యోగం పేరు పెద్దదే కాని పని సూటిగా ఉంటుంది. ఏసీ కొనాలనుకున్నవాళ్ల ఇంటికి వెళ్లి, గది కొలిచి, ఎన్ని టన్నుల మిషన్ సరిపోతుందో చెప్పాలి.

టన్ను అంటే మిషన్ బరువని చాలామంది అనుకుంటారు. అది బరువు కాదు. ఒక టన్ను మంచు ఇరవై నాలుగు గంటల్లో కరగడానికి ఎంత వేడి కావాలో, అంత వేడిని అదే వ్యవధిలో గదిలోంచి బయటికి తోసెయ్యగల శక్తిని ఒక టన్ను అంటారు. గదిలోకి వచ్చే వేడి మొత్తాన్ని హీట్ లోడ్ అంటాం. గోడలు, పైకప్పు, గాజు, మనుషులు, దీపాలు, తలుపు సందుల్లోంచి వచ్చే గాలి, అన్నిటి వేడీ కూడితే ఆ లెక్క వస్తుంది. దీనికోసం నేను సొంతంగా ఒక ఫారం తయారుచేసుకున్నాను. అందులో పదకొండు ప్రశ్నలు. ఒక్క గడి ఖాళీగా ఉన్నా ఆ ఇంటి గుమ్మం దాటి వచ్చేవాణ్ని కాదు. ఆ ఫారం మీద నాకు చాలా నమ్మకం ఉండేది.

ఆ వారం పొందూరు నుంచి రమణ అనే ఆయన ఫోన్ చేశాడు. అల్యూమినియం కిటికీలు, గాజు తలుపులు చేసే షాపు ఆయనది. నలభై ఏళ్లుంటాయి. తమ్ముడూ అని పిలుస్తూ, డాబా మీద గాజు గది ఒకటి కట్టానని, రెండు టన్నులకి తగ్గకుండా ఏసీ పట్టుకురమ్మని చెప్పాడు. కొలవకుండా నేను ఏమీ చెప్పలేనన్నాను. "కొలుసుకో. కొలిసినా రెండే వస్తాది," అని నవ్వాడు.

గది పన్నెండడుగుల పొడవు, పదడుగుల వెడల్పు. పడమర గోడ, దక్షిణం గోడ పూర్తిగా గాజు. తూర్పున పక్కింటివాళ్ల గోడ. ఉత్తరాన ఇటుక గోడ, దానికి మెట్ల వైపు తలుపు, ఒక చిన్న కిటికీ. పైన రేకు, దాని కింద థర్మోకోల్ సీలింగు. గాజు పనిలో ఎక్కడా వంక పెట్టడానికి లేదు. మూలల్లో వేలు పెట్టి చూశాను, సందన్నదే లేదు.

ఆ గది వాళ్లమ్మ సూరమ్మగారి కోసం. ఆవిడకి అరవై ఆరేళ్లు. పన్నెండో ఏట నుంచి రాట్నం తిప్పుతున్నారు. పొందూరులో సన్న నూలు తీసే ఆడవాళ్లు చాలామందే ఉన్నారు కాని, వంద కౌంట్ తీసేవాళ్లు తక్కువ. కౌంట్ అనేది నూలు సన్నదనాన్ని చెప్పే అంకె. అంకె పెరిగేకొద్దీ దారం సన్నబడుతుంది. వంద కౌంట్ దారాన్ని ఆవిడ నా అరచేతిలో పెట్టినప్పుడు చెయ్యి వంచి చూస్తే తప్ప అక్కడ ఉందని తెలియలేదు.

నలభై ఏళ్లు ఆవిడ కింద వసారాలోనే వడికారు. రెండేళ్ల కిందట తూర్పు వైపు ఇల్లు మూడంతస్తులు లేచింది. వసారాలో వెలుతురు పోయింది. తర్వాత ఒక కంటికి శుక్లాల ఆపరేషన్ అయింది. బల్బు వెలుగులో దారం నీడ ఏదో, దారం ఏదో తెలియడం లేదని ఆవిడ అంటే, రమణ ఆలస్యం చెయ్యకుండా నెల రోజుల్లో డాబా మీద ఈ గది కట్టేశాడు. ఫిబ్రవరిలో గది అద్భుతంగా ఉందిట. మార్చి సగానికి వచ్చేసరికి మధ్యాహ్నం మూడింటికి లోపల నలభై మూడు డిగ్రీలు. గాజులోంచి ఎండ లోపలికి వచ్చి నేలని కాలుస్తుంది. నేల వదిలే వేడి మాత్రం ఆ గాజులోంచి వచ్చినంత తేలిగ్గా బయటికి పోలేదు. కారు ఎండలో పెట్టి తలుపులు మూస్తే జరిగేదీ ఇదే.

ఫాన్ పెట్టుకోలేదేమని అడిగాను. ఆవిడ ఒడిలోంచి చిటికెడు దూది తీసి, అరచేతిలో పెట్టి ఊదారు. అది గాలిలోకి లేచి, సీలింగు దాకా వెళ్లి, తీరుబడిగా కిందికి దిగింది. "నువ్వు ఫాన్ ఏసినావంటే నా ఏకులు ఇచ్చాపురం పోతాయి బాబూ," అన్నారు. ఏకులంటే వడకడానికి సిద్ధంగా చుట్టిపెట్టుకున్న దూది వత్తులు. వాటిని ఎండిన అరటి దొప్పలో దాచుకుంటారు. పక్కనే పళ్లున్న ఎముక ముక్క ఒకటి కనిపిస్తే ఏమిటని అడిగాను. వాలుగ చేప దవడట. దానితోనే పత్తిని దువ్వుతారు.

అసలు తొందర ఒకటుంది. ఆవిడ నూలుతో ఒక నేతగాడి మగ్గం మీద సగం నేసిన బట్ట ఆగి ఉంది. ఇంకా ఎనిమిది చిలపలు కావాలి. చిలప అంటే కండె మీంచి తీసి చుట్టిన నూలు కట్ట. మధ్యలో ఇంకొకరి నూలు కలిపితే బట్టలో అక్కడ గీత పడినట్టు తెలిసిపోతుందట. ఎవరి చెయ్యి వారిదే. చెయ్యి కుదిరితే రోజున్నరకి ఒక చిలప తీసే మనిషి, నెల రోజులుగా తెల్లారి రెండు గంటలు మాత్రమే కూర్చోగలుగుతున్నారు. ఆవిడ దగ్గర నూలు తీసుకునే ఖాదీ సంఘంవాళ్లు ఏమీ అనలేదు. ఓపిక లేకపోతే ముతక నూలుకి మారమ్మా అని మంచిగానే చెప్పారట. ఆ మాట చెబుతున్నప్పుడు రమణ గొంతు తగ్గించాడు. ఆవిడ వినకూడదని.

నేను టేపు తీశాను. పడమర గాజుకి లోపలి వైపు ఒక పాత చీర వేలాడుతోంది. కొలతకి అడ్డం వస్తోందని దాన్ని పక్కకి లాగి కొలిచాను. ఫారంలో "కర్టెన్లు" అన్నచోట "లేవు" అని రాశాను. ఏడో ప్రశ్న, గదిలో ఎంతమంది ఉంటారు, ఏ స్థితిలో ఉంటారు అన్నది. మనిషి చేసే పనిని బట్టి ఒంట్లోంచి వచ్చే వేడి మారుతుంది కాబట్టి ఆ ప్రశ్న. "ఒకరు, కూర్చుని, తేలిక పని" అని టిక్కు పెట్టాను.

లెక్క కట్టాను. పడమర గాజు ఒక్కటే సాయంత్రం పూట మూడు కిలోవాట్ల వేడి తెస్తోంది. అన్నీ కలిపితే ఆరుంపావు దాటింది. టన్నుకి మూడున్నర కిలోవాట్లు వేసుకుంటే, ఒకటీ ముప్పావు కంటే కొంచెం ఎక్కువ. రెండు టన్నుల ఇన్వర్టర్ ఏసీ అని రాశాను. ఇన్వర్టర్ అంటే అవసరాన్ని బట్టి వేగం పెంచుకుని, తగ్గించుకుని తిరిగే కంప్రెసర్ ఉన్న మిషన్. రమణ కాగితం చూసి, ముందే చెప్పలేదా అన్నట్టు తల ఎగరేశాడు.

రెండు రోజుల్లో బిగించాం. మిట్టమధ్యాహ్నం గది ఇరవై నాలుగు డిగ్రీలకి దిగింది. రమణ గాజుకి చెయ్యి ఆనించి ఫొటో తీయించుకున్నాడు. సూరమ్మగారు భుజాల మీద తువ్వాలు కప్పుకుని, సల్లగున్నాదని నవ్వారు. తిరుగు బస్సులో ఆ పని మీద "పూర్తి" అని రాసి గీత గీశాను.

నాలుగో రోజు ఫోన్ వచ్చింది. ఈసారి రమణ తమ్ముడూ అనలేదు. "గది బాగానే సల్లబడ్డాది. మాయమ్మే కిందకి దిగిపోనాది. ఏటంటే సెప్పదు."

వెళ్లాను. ఫిల్టరు చూశాను, గ్యాస్ ప్రెషరు చూశాను, గాలి వేగం, నీళ్లు పోయే డ్రెయిన్ గొట్టం, అన్నీ వరసగా చూశాను. అన్నీ సవ్యంగా ఉన్నాయి. మిషన్‌లో ఏ లోపమూ లేదని చెప్పాను. మా పనిలో ఈ మాట చెప్పేటప్పుడు కొంచెం గర్వంగానే ఉంటుంది.

"మిషనుకేటీ నేదు బాబూ," అన్నారు సూరమ్మగారు. నా కోసం మెట్లెక్కి వచ్చి రాట్నం ముందు కూర్చున్నారు. కుడిచేత్తో చక్రం తిప్పుతూ ఎడమచెయ్యి పైకి లాగుతుంటే ఏకులోంచి దారం సాగుతోంది. జానెడు సాగింది. తెగింది. అతికి మళ్లీ లాగారు. మూరెడు వచ్చి తెగింది. పది నిమిషాల్లో ఆరుసార్లు. రమణ పక్కకి తిరిగి గాజులోంచి వీధిలోకి చూస్తున్నాడు.

ఆవిడ రాట్నం ఆపేసి మెల్లగా అన్నారు. "కన్ను పోనాదనుకున్నాను. ఈడు గది కట్టినాడు. ఇప్పుడు సెయ్యి కూడా పోనాది. ముతక నూలుకే మారిపోతాననీసి రేపు సంఘంలో సెప్పేస్తాను. నువ్వు ఎర్రటెండలో ఇంత దూరం రాకు బాబూ."

ఇంకేం చూడాలో తోచక బయటికి వచ్చాను. డాబా మీద డ్రెయిన్ గొట్టం కింద ఒక బకెట్ పెట్టారు. నిండిపోయి ఉంది. ఆవిడ ఆ నీళ్లు కనకాంబరం కుండీలకి పోస్తున్నారట. రోజుకి ఎన్ని బకెట్లు వస్తాయని అడిగాను. ఒకటి నిండి రెండోదీ పడుతుందని రమణ చెప్పాడు.

అక్కడ బకెట్ ముందు నిలబడ్డాక గానీ నాకు బుర్ర వెలగలేదు. ఆ నీళ్లు ఎక్కడివో నేను పరీక్షలో రెండు పేజీలు రాసి మార్కులు తెచ్చుకున్నవాణ్ని. గాలిలో ఎప్పుడూ కొంత తేమ ఉంటుంది. దాన్ని హ్యూమిడిటీ అంటాం. ఏసీ లోపలి చల్లటి కాయిల్‌కి గాలి తగిలినప్పుడు ఆ తేమ నీళ్లుగా మారి కారిపోతుంది. ఎండ ఎక్కువగా వచ్చేకొద్దీ మిషన్ ఎక్కువ తిరుగుతుంది, ఎక్కువ తిరిగేకొద్దీ గాలిని ఎక్కువ పిండుతుంది. రమణ ఒక్క సందు లేకుండా కట్టాడు కాబట్టి బయటి తేమ లోపలికి వచ్చే దారీ లేదు.

లోపలికి వెళ్లి ఆవిడకి అదే చెప్పాను. "అమ్మా, మీ చెయ్యి బాగానే ఉంది. దూది ఎండిపోయి దారం తెగుతోంది. గాలిలోని నీళ్లన్నీ ఈ మిషన్ లాగేసి ఆ బకెట్‌లో పోస్తోంది."

ఆవిడ ఒక ఏకు తీసి బొటనవేలితో రాసి చూశారు. "అయితే ఆ కనకంబరాలకి పోసినాది నా నూలు నీళ్లేనేటి?"

అవునన్నాను. "ఓలమ్మా," అని ఆవిడ రాట్నం చక్రం మీద చెయ్యి వేసుకుని కూర్చున్నారు. నాలుగు రోజులుగా తనని తాను ఎంత నిందించుకున్నారో నాకప్పుడు అర్థమైంది.

రెండ్రోజుల తర్వాత తేమ కొలిచే చిన్న మీటరు, కాగితం పట్టుకుని వెళ్లాను. అది పని దినం కాదు, ఆదివారం. ఉదయం ఏడు నుంచి మధ్యాహ్నం మూడు దాకా ఏసీ కాసేపు వేస్తూ, కాసేపు ఆపుతూ, తలుపు తీస్తూ, మూస్తూ గదిలో తేమని మార్చాను. మీటరు ఆవిడకి కనబడకుండా నా వెనక పెట్టుకున్నాను. ప్రతిసారీ ఆవిడ ఏకుని వేళ్ల మధ్య నలిపి, రెండు లాగులు లాగి, ఎలా ఉందో చెప్పాలి. ఎడమ వైపు మీటరు అంకె, కుడి వైపు ఆవిడ మాట రాసుకున్నాను. ఆ కాగితం నా దగ్గర ఇంకా ఉంది. ముప్పై ఎనిమిది శాతం దగ్గర "తెగిపోతాది" అని ఉంది. యాభై నాలుగు దగ్గర "పరవానేదు, దెబ్బలాడుకోవాల". అరవై రెండు దగ్గర "ఇదీ". డెబ్బై తొమ్మిది దగ్గర "జిగట, కదురుకి అంటుకుంటాది". మధ్యలో ఆవిడని తికమక పెడదామని రెండుసార్లు అరవై రెండుకే తీసుకొచ్చాను. రెండుసార్లూ "ఇదీ" అనే అన్నారు. రెండోసారి, "ఇందాకటిదే మల్లీ పెట్టినావు కదేటి? ముసిల్దాన్ని ఆడిస్తన్నావా?" అని కూడా అన్నారు.

కాబట్టి నాకు కావలసింది చల్లదనం కాదు. ముప్పైకి లోపు వేడి, అరవై, అరవై అయిదు మధ్య తేమ, దూది కదలనంత నెమ్మదైన గాలి. మర్నాడు రెండు టన్నుల మిషన్‌ని ఇరవై ఎనిమిది మీద పెట్టి చూశాను. ఉదయం బాగానే ఉంది. మధ్యాహ్నం పడమటి ఎండ పడగానే మిషన్ పూర్తి వేగం అందుకుంది, తేమ నలభై అయిదుకి పడిపోయింది. పైగా అంత పెద్ద మిషన్ విసిరే గాలికి దారం ఊగుతోంది. పోనీ చిన్న మిషన్ పెడదామంటే, ఆ ఎండకి అది చాలదు. ముందు ఎండని ఆపాలి. అదీ గాజు బయటే. లోపల కర్టెన్ వేస్తే వెలుగు తగ్గుతుంది గాని, వేడి అప్పటికే లోపలికి వచ్చేసి ఉంటుంది.

ఈ మాట రమణకి చెప్పాలి. ఎలా చెప్పినా ఒకటేనని సూటిగా చెప్పేశాను. పడమర, దక్షిణం గాజుల ముందు, బయటి నుంచి తాటాకు తడకలు కట్టాలని.

ఆయన మొహం ఎర్రబడింది. "తడకలా? పలాస దాకా పెద్ద పెద్ద ఇళ్లకి గాజు పెట్టినోణ్ని. మాయమ్మ గదికి పశువుల సాలలాగ తడకలు కడతానా? ఆవిడికి ఎలుతురు గావాలనీసి కట్టినాను తమ్ముడూ. దాన్నే మూసెయ్యమంటావేటి?"

కోపమని అనుకున్నాను మొదట. కాదు. ఆయన తన చేతులతో చెయ్యగలిగినదంతా ఆ గదిలో పెట్టాడు. నేను దాన్ని తప్పని చెబుతున్నాను.

సూరమ్మగారు రాట్నం దగ్గరి నుంచి లేవకుండానే అన్నారు. "ఒరే రమణా, నానడిగినాది ఎలుతురురా. ఎండ గాదు. ఎండ కంట్లో పడితే దారం ఎక్కడ కనిపిస్తాది? ఆ సీర ఎందుకు కట్టినాననుకున్నావు?"

ముగ్గురం ఆ చీర వైపు చూశాం. కొలత రోజున నేను పక్కకి లాగిన చోటే ఉంది, కుచ్చులా ముడుచుకుని. నేను ఫారంలో "లేవు" అని రాసిన కర్టెన్ అదే. లెక్కలూ మీటరూ పట్టుకుని నేను వారం తర్వాత చేరిన చోటికి ఆవిడ ఎప్పుడో మార్చిలోనే చేరారు. చేసిన పొరపాటల్లా దాన్ని గాజుకి ఇటు కట్టడమే. అటు కట్టడానికి ఆవిడకి చెయ్యి అందదు.

"నాకు సెప్పొచ్చు కదా," అన్నాడు రమణ.

"ఇంత పేమగా కట్టినావు. ఏటి సెప్పమంటావు?"

రమణ కిందికి దిగిపోయాడు. నేను కూడా మెట్లు దిగి వచ్చేశాను.

మూడో రోజు ఆయనే ఫోన్ చేసి, వచ్చి చూడమన్నాడు. తడకలు కట్టాడు, తన పద్ధతిలో. గాజు ఎత్తున సన్నటి అల్యూమినియం చట్రాలు చేసి, వాటిలో తాటాకు తడకలు బిగించి, పైన మడతబందులు పెట్టాడు. కింది నుంచి కర్రతో ముందుకి తోస్తే దుకాణం ముందు పందిరిలా వాలుగా నిలబడతాయి. ఎండ తడక మీద పడుతుంది, ఆకాశపు వెలుతురు కింది నుంచి మెత్తగా లోపలికి వస్తుంది. కర్ర ఎంత తోయాలో సూరమ్మగారు కూర్చున్నచోటి నుంచే చెబుతుంటే ఆయన సరిచేస్తున్నాడు. నేను చెప్పిన తడకలకి ఇంత పనితనం ఉంటుందని నేననుకోలేదు. ఆ మాటే అన్నాను. "తడకంటే తడకేటి," అన్నాడు, కాని ఫొటో తీయించుకున్నాడు.

మళ్లీ లెక్క కట్టాను. ఆరుంపావు కిలోవాట్లు మూడుకి దిగాయి. రెండు టన్నుల మిషన్ విప్పి రమణ షాపులో బిగించాం. గదిలో ఒక టన్నుది పెట్టాం. గాలి సీలింగు వైపు పోయేలా రెక్కలు పైకి తిప్పి, ఇరవై ఎనిమిది మీద ఉంచాను. ఉత్తరం కిటికీ రెండంగుళాలు తెరిచి ఉంచమని చెప్పాను, బయటి తేమ కొంచెం కొంచెం వస్తూ ఉండడానికి. ఏసీ గదిలో కిటికీ తెరిచి పెట్టమన్న ఇంజనీరువి నువ్వొక్కడివేనని మా డీలరు ఆ తర్వాత చాలా రోజులు నన్ను ఆట పట్టించాడు. మధ్యాహ్నం మూడింటికి మీటరు చూస్తే ఇరవై తొమ్మిది డిగ్రీలు, అరవై ఒక శాతం. నేను అంకె చదివేలోపే ఆవిడ "ఇదీ" అన్నారు.

మే నెలాఖరుకి ఎనిమిది చిలపలూ వెళ్లాయి. జూన్‌లో ఫిల్టరు చూడ్డానికి వెళ్లినప్పుడు ఆ బట్ట మగ్గం దిగిందని రమణ చెప్పాడు. గీత పడిందా అని అడిగాను. ఆ నేతగాడు బట్టని ఎండకి ఎత్తి పట్టుకుని, ఏప్రిల్ నూలు ఎక్కడ ఆగిందో, మే నూలు ఎక్కడ మొదలైందో వెతికాడట. దొరకలేదట. సూరమ్మగారు ఈ కబురు రెండోసారి వింటున్నట్టు లేరు, మొదటిసారి వింటున్నట్టే వింటూ దారం లాగుతున్నారు. బకెట్‌లో అడుగున కాసిని నీళ్లే ఉన్నాయి. కనకాంబరాలకి విడిగా నీళ్లు మొయ్యాల్సి వస్తోందని నా మీద ఫిర్యాదు కూడా చేశారు.

నా మొదటి లెక్క తప్పు కాదు. ఆ గాజుకి, ఆ ఎండకి రెండు టన్నులే వస్తాయి. ఇప్పటికీ ఎవరు చేసినా అదే వస్తుంది. వేడిని మాత్రమే కొలిచి, ఆ వేడిలో కూర్చున్న మనిషి ఏం చేస్తోందో అడగకపోవడం నా తప్పు. "కూర్చుని, తేలిక పని" అని టిక్కు పెట్టిన గడి నన్ను ఇప్పటికీ ఇబ్బంది పెడుతుంది.

నా ఫారంలో ఇప్పుడు పన్నెండు ప్రశ్నలు. కొత్తది చివర చేర్చలేదు, అన్నిటికంటే పైన రాసుకున్నాను: ఈ గదిలో ఏం పని చేస్తారు? చాలా ఇళ్లలో నవ్వుతారు, పడుకుంటాం బాబూ, ఏసీ గదిలో ఇంకేం చేస్తామని. సరేనని రాసుకుంటాను. తర్వాత టేపు తీస్తాను. కిటికీకి ఏదైనా పాత గుడ్డ వేలాడుతుంటే మాత్రం, దాన్ని పక్కకి లాగే ముందు, అది ఎవరు కట్టారో కనుక్కుని వాళ్లని పిలవమంటాను.